క్యాబినెట్ వైర్లు మిగిలాయి: మదర్‌బోర్డు మీద ఏ ప్లగ్ ఏ హెడర్‌కి?

తొలిబిల్డ్ (#1)

నమస్తే అండి. డెస్క్‌టాప్ సొంతంగా కట్టడం ఇదే మొదలు. ప్రాసెసర్, కూలర్, రెండు ర్యామ్ స్టిక్కులు, ఒక ఎం.2 ఎస్‌ఎస్‌డీ బిగించి బోర్డుని క్యాబినెట్‌లో కూర్చోబెట్టాను. ఇక్కడిదాకా బాగానే వచ్చింది. క్యాబినెట్ ముందు భాగం నుంచి వచ్చే సన్న వైర్ల దగ్గర ఆగిపోయాను.

విడివిడిగా నాలుగు చిన్న ప్లగ్గులు ఉన్నాయి: పవర్ స్విచ్, రీసెట్ స్విచ్, హార్డ్ డిస్క్ ఎల్‌ఈడీ, పవర్ ఎల్‌ఈడీ. హెచ్‌డీ ఆడియో అని రాసిన ప్లగ్ ఒకటి, యూఎస్‌బీ అని రాసిన నల్లటి ప్లగ్ ఒకటి, నీలం రంగులో లావుపాటి ప్లగ్ ఇంకొకటి. బోర్డు కింది అంచున చూస్తే రెండు వరసలు కలిపి తొమ్మిదేసి పిన్లున్న హెడర్లు (ప్లగ్గులు గుచ్చే పిన్ల గుంపులు) మూడు నాలుగు కనిపిస్తున్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. తప్పు చోట గుచ్చితే బోర్డు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా పవర్ ఎల్‌ఈడీ ప్లగ్ ఎక్కడా పట్టడం లేదు, అది మూడు పిన్ల వెడల్పు ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

రిపేర్‌బెంచ్ (#2)

వైర్లు పెట్టేముందు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) వెనక స్విచ్ ఆపి, పవర్ కేబుల్ కూడా పీకేయండి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, కేబుల్ గోడకి ఉన్నంతసేపూ బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. కొన్ని బోర్డుల మీద చిన్న లైటు వెలుగుతుండేది అందుకే. ఆ లైటు ఆరేదాకా చేయి పెట్టకండి.

ఇక మీరు ఒకేలా ఉన్నాయన్న హెడర్ల సంగతి. అన్నింట్లోనూ పది పిన్ల చోటు ఉంటుంది, ఒక పిన్ను కావాలనే పెట్టరు. ఏ పిన్ లేదో చూస్తే చాలు, అది ఏ హెడరో తెలిసిపోతుంది. యూఎస్‌బీ 2.0 హెడర్‌లో 9వ పిన్ ఉండదు. ముందు ఆడియో హెడర్‌లో 8వ పిన్ ఉండదు. స్విచ్‌లూ ఎల్‌ఈడీలూ వెళ్ళే ఫ్రంట్ ప్యానెల్ హెడర్‌లో 10వ పిన్ ఉండదు. బేసి సంఖ్యలు ఒక వరస, సరి సంఖ్యలు ఎదుటి వరస. అంటే ఆడియోలో ఖాళీ చివరి నుంచి రెండో స్థానంలో పడుతుంది. మిగతా రెండింట్లో చివరి మూలే ఖాళీగా ఉంటుంది కానీ అవి ఎదురెదురు మూలలు.

ఇప్పుడు మీ ఆడియో ప్లగ్, యూఎస్‌బీ ప్లగ్ తిప్పి రంధ్రాల వైపు చూడండి. ఒక్కో ప్లగ్‌లో ఒక రంధ్రం ప్లాస్టిక్‌తో మూసి ఉంటుంది. మూసిన రంధ్రం, లేని పిన్ ఒకదానికొకటి ఎదురు రావాలి. అలా వస్తే ప్లగ్ బలం పెట్టకుండానే దిగుతుంది. దిగకపోతే ఆపేయండి. నా బెంచి మీదకి వచ్చే బోర్డుల్లో హెడర్ పిన్ వంగినవన్నీ దిగని ప్లగ్‌ని నొక్కినవే.

ఆడియో హెడర్ సాధారణంగా బోర్డు కింది ఎడమ మూలలో, సౌండ్ చిప్ దగ్గర ఉంటుంది. పాత క్యాబినెట్లలో ఆడియో వైరుకి రెండు ప్లగ్గులు వేలాడుతుంటాయి, హెచ్‌డీ ఆడియో ఒకటి, పాత పద్ధతిదైన ఏసీ97 ఒకటి. మొదటిదే పెట్టండి, రెండోది అలా వదిలేయండి.

సర్క్యూట్‌పిచ్చి (#3)

విడి ప్లగ్గుల గురించి నేను చెప్తాను. చాలా బోర్డుల్లో ఫ్రంట్ ప్యానెల్ హెడర్ వరస ఒకటే: 1, 3 హార్డ్ డిస్క్ ఎల్‌ఈడీ, 2, 4 పవర్ ఎల్‌ఈడీ, 5, 7 రీసెట్ స్విచ్, 6, 8 పవర్ స్విచ్. 9వ పిన్ ముట్టుకోవద్దు. అయితే కొన్ని బోర్డుల్లో ఈ హెడర్ ఇంకా పొడవుగా ఉంటుంది, స్పీకర్ పిన్లు కూడా అందులోనే కలిపేస్తారు. కాబట్టి మీ మాన్యువల్‌లో ఈ హెడర్ బొమ్మ ఉన్న పేజీ తెరిచి పక్కన పెట్టుకోండి. బోర్డు మీద అచ్చు అక్షరాలు చిన్నగా ఉంటాయి, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి ఫొటో తీసుకుంటే హాయిగా చదవచ్చు.

స్విచ్‌లకి ప్లస్ మైనస్ లేదు. పవర్ బటన్ చేసే పని ఒక్కటే, నొక్కినంతసేపూ రెండు పిన్లని కలపడం. ఏ వైరు ఏ పిన్‌కి వెళ్ళినా కలవడం కలవడమే. ఎల్‌ఈడీలకి మాత్రం దిశ ఉంటుంది. తిరగేసి పెడితే వెలగదు, అంతే. ఏమీ కాలదు, తీసి తిప్పి పెట్టుకోవచ్చు. మామూలుగా రంగు వైరు ప్లస్, తెలుపు లేదా నలుపు వైరు మైనస్. ప్లగ్ మీద చిన్న త్రిభుజం గుర్తుంటే చాలావరకు అది ప్లస్ వైపు.

కాబట్టి ఈ నాలుగు ప్లగ్గుల గురించి అంత భయపడక్కర్లేదు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటికి వద్దాం.

తొలిబిల్డ్ (#4)

చాలా థ్యాంక్స్ అండి. మూసిన రంధ్రం గురించి చెప్పాక ఆడియో, నల్ల యూఎస్‌బీ రెండూ నిమిషంలో దిగిపోయాయి. రెండు స్విచ్‌లు, హార్డ్ డిస్క్ ఎల్‌ఈడీ కూడా పెట్టేశాను. పవర్ ఎల్‌ఈడీ మాత్రం మిగిలింది. ప్లగ్‌లో మూడు రంధ్రాలు, వైర్లు రెండే, మధ్య రంధ్రం ఖాళీ. బోర్డు మీదేమో ప్లస్, మైనస్ పక్కపక్కనే ఉన్నాయి.

రిపేర్‌బెంచ్ (#5)

ఒకప్పుడు పవర్ ఎల్‌ఈడీకి బోర్డుల మీద మూడు పిన్ల వెడల్పు హెడర్ ఉండేది, మధ్య పిన్ లేకుండా. కొన్ని క్యాబినెట్లు ఇప్పటికీ అదే ప్లగ్‌తో వస్తాయి. కొన్ని బోర్డులు పక్కన విడిగా మూడు పిన్ల హెడర్ కూడా ఇస్తాయి, ముందు అదేమైనా ఉందేమో వెతకండి.

లేకపోతే వైరు ఒక రంధ్రం పక్కకి జరపాలి. ప్లగ్‌ని పక్కకి తిప్పి దీపం కింద చూడండి. ప్రతి రంధ్రం పక్కన చిన్న కిటికీ, అందులో పలచటి ప్లాస్టిక్ నాలుక, దాని కింద మెరుస్తూ లోహపు ముక్క కనిపిస్తాయి. వైరు చివర ఉన్న ఆ లోహపు ముక్కని పట్టి ఉంచేది ఆ నాలుకే. సన్న సూది మొనతో నాలుకని వెంట్రుకవాసి పైకి ఎత్తి, రెండో చేత్తో వైరుని మెల్లగా వెనక్కి లాగండి. నాలుక సరిగ్గా ఎత్తితే వైరు జారి వచ్చేస్తుంది, రాకపోతే ఇంకా పట్టుకునే ఉందన్నమాట, గట్టిగా లాగొద్దు. బయటికొచ్చిన ముక్కని తీసినప్పుడు ఎటు తిరిగి ఉందో అటే తిప్పి మధ్య రంధ్రంలోకి తోయండి. చిన్నగా క్లిక్ మని ఆగుతుంది. ఒకసారి వైరు లాగి చూడండి, రాకూడదు.

నాలుకని మరీ పైకి లేపితే విరుగుతుంది. విరిగినా పెద్ద నష్టం లేదు, ఆ చోట ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుడితే నిలబడుతుంది.

ఇంకో సంగతి. ఇప్పుడు మూడో రంధ్రం ఖాళీగా మిగులుతుంది, అది హెడర్‌లో పక్క పిన్ మీదకి వచ్చి ఇంకో ప్లగ్‌కి అడ్డం పడొచ్చు. అలా పడితే వైర్లు రెండూ విడి ప్లగ్గులు చేసుకోవడం, లేదా ప్లస్ మైనస్ విడివిడిగా ఉండే రెండు పిన్ల వైరు తెచ్చుకోవడం మేలు.

పాతబోర్డులు (#6)

మంచి చర్చ. ఒకటి కలుపుతాను. ఆకారం ఒకటే కదా అని పాత బోర్డుల మీద ఎవరూ ధైర్యం చేయొద్దు. ఒక కాలంలో ఐఈఈఈ 1394 (ఫైర్‌వైర్) అనే హెడర్ కూడా అచ్చం యూఎస్‌బీ 2.0 హెడర్‌లాగే తొమ్మిది పిన్లతో ఉండేది. అందులో 12 వోల్టుల లైను ఉండేది, యూఎస్‌బీ కోరుకునేది 5 వోల్టులు. ఒకదాని వైరు ఇంకోదానికి పెడితే బోర్డు పాడవుతుందని అప్పటి మాన్యువళ్ళలో ప్రత్యేకంగా హెచ్చరిక వేసేవారు. ఇప్పటి బోర్డుల మీద 1394 కనిపించదు, కానీ పాత మెషీన్లు బాగుచేసేవాళ్ళు గుర్తుంచుకోవాలి. సీరియల్ పోర్టు హెడర్‌ది కూడా ఇదే ఆకారం, అది ఇప్పటికీ కొన్ని బోర్డుల మీద ఉంటుంది.

నిశిరాత్రి (#7)

తొలిబిల్డ్, ఆ లావు నీలం ప్లగ్ యూఎస్‌బీ 3.0ది. దాని హెడర్ 19 పిన్లది, చుట్టూ ప్లాస్టిక్ గోడ ఉంటుంది, గోడకి ఒకవైపు కోత ఉంటుంది. బిల్డ్ మొత్తంలో నేను అన్నిటికన్నా జాగ్రత్తగా పెట్టే ప్లగ్ ఇదే. యూఎస్‌బీ 2.0 పిన్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, దీంట్లో 2 మిల్లీమీటర్లే. పిన్లు సన్నం, కేబుల్ మాత్రం మందం, బిగుసుకుని ఉంటుంది. ప్లగ్ కొంచెం వంకరగా దిగితే ఒక పిన్ పడుకుంటుంది, పైనుంచి చూస్తే తెలియదు కూడా.

ముందు కేబుల్‌ని కావలసిన వంపులోకి తెచ్చుకోండి, ప్లగ్ దానంతటదే హెడర్ మీద నిటారుగా నిలబడేలా. తర్వాత రెండు చివర్లా సమానంగా ఒత్తండి. తీసేటప్పుడు అటూ ఇటూ ఊపొద్దు. ఊపితే ప్లాస్టిక్ గోడ ప్లగ్‌తో పాటే ఊడి వస్తుంది, పిన్లు ఒక్కటే బోర్డు మీద మిగులుతాయి.

సర్క్యూట్‌పిచ్చి (#8)

ఈ ప్లగ్ సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకునే మార్గం ఒకటుంది. 3.0 పోర్టులో పాత యూఎస్‌బీ 2.0 లైన్లూ ఉంటాయి, 5 గిగాబిట్ల వేగానికి వేరే జతలూ ఉంటాయి. ప్లగ్ సగమే దిగినా, వేగం జతల్లో ఒక పిన్ వంగినా పోర్టు చచ్చిపోదు. పెన్‌డ్రైవ్ గుర్తిస్తుంది, కాపీ కూడా అవుతుంది, 2.0 వేగంతో. అందుకే నెలల తరబడి తెలియకుండా వాడేస్తారు. బిల్డ్ అయ్యాక 3.0 డ్రైవ్ ఒకటి ముందు పోర్టులోనూ వెనక పోర్టులోనూ పెట్టి పెద్ద ఫైల్ కాపీ చేసి చూడండి. తేడా బాగా ఉంటే ఈ హెడర్‌నే అనుమానించండి.

ముందు టైప్-సీ పోర్టు ఉన్న క్యాబినెట్లకి ఇంకో హెడర్ ఉంటుంది, చిన్నగా, లోహపు తొడుగుతో. దాన్ని టైప్-ఈ అంటారు. కొన్ని బోర్డుల మీద అది ఉండదు. క్యాబినెట్ కొనేముందు బోర్డులో ఇది ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే ముందు టైప్-సీ పోర్టు ఊరికే ఉండిపోతుంది.

తొలిబిల్డ్ (#9)

నీలం ప్లగ్ దిగింది, వంపు చేసుకుని పెట్టాను. సూదితో పవర్ ఎల్‌ఈడీ కూడా జరిపాను, సరిగ్గా చెప్పినట్టే క్లిక్ మంది!

ఇప్పుడు పవర్ కేబుళ్ళు. ఎస్‌ఎంపీఎస్‌తో ఎనిమిది పిన్ల కేబుళ్ళు మూడు వచ్చాయి. బోర్డు పైన ఎడమ మూలలో ఎనిమిది పిన్లది ఒకటి, పక్కనే నాలుగు పిన్లది ఒకటి ఉన్నాయి. రెండూ పెట్టాలా? ఏ కేబుల్?

పాతబోర్డులు (#10)

భయపడాల్సిన చోటు ఇదే, నిదానంగా చదవండి.

బోర్డు పై మూలలో ఉన్నది ప్రాసెసర్ పవర్. దాని కేబుల్ చివర నాలుగు నాలుగుగా విడిపోతుంది, మీద సీపీయూ అని రాసి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు కేబుల్ ఆరు, రెండుగా విడిపోతుంది, మీద పీసీఐఈ అని రాసి ఉంటుంది. పట్టుకుంటే రెండూ ఎనిమిది పిన్లే, కానీ లోపల తలకిందులు. సీపీయూ ప్లగ్‌లో క్లిప్ ఉన్న వైపు వరస 12 వోల్టులు, అవతలి వరస గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్ళే దారి). పీసీఐఈ ప్లగ్‌లో క్లిప్ వైపు గ్రౌండ్, అవతల 12 వోల్టులు. ఒకదాని చోట ఇంకోటి వెళ్తే 12 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కి తగులుతాయి. అలా వెళ్ళకుండా కొన్ని రంధ్రాలు చతురస్రంగా, కొన్ని మూలలు కోసినట్టుగా చేశారు. అందుకే ఇక్కడ కూడా బలం పనికిరాదు.

పెద్దది 24 పిన్ల ప్రధాన కనెక్టర్. దాన్ని పూర్తిగా నొక్కాలి, అది మాత్రం గట్టిగానే ఉంటుంది. క్లిప్ బోర్డు మీది కొక్కేన్ని పట్టుకున్న చప్పుడు వచ్చేదాకా. నొక్కేటప్పుడు బోర్డు వంగుతుంటే కింద వేళ్ళు ఆనించండి. 1995లో ఏటీఎక్స్ (బోర్డులు, ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణం) వచ్చినప్పుడు ఇది 20 పిన్లే. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఒక్కటే 75 వాట్ల దాకా తీసుకునే పరిస్థితి వచ్చాక, 2003లో ఇంకో నాలుగు కలిపారు: ఒక 12 వోల్టులు, ఒక 5, ఒక 3.3, ఒక గ్రౌండ్. కొన్ని కేబుళ్ళు ఇప్పటికీ 20, 4గా విడిపోయేది ఆ రోజుల వల్లే. ఆ విడి నాలుగు పిన్ల ముక్కని ప్రాసెసర్ పక్కనున్న నాలుగు పిన్ల చోటులో పెట్టకూడదు.

నిశిరాత్రి (#11)

ఎనిమిదితో పాటు ఆ అదనపు నాలుగు పిన్లు కూడా పెట్టేయండి. కేబుల్ ఉన్నప్పుడు పెట్టకపోవడం ఎందుకు? బోర్డువాళ్ళు ఊరికే ఇవ్వరు కదా.

సర్క్యూట్‌పిచ్చి (#12)

ఉంటే పెట్టొచ్చు, తప్పు లేదు. కానీ లేదని కంగారుపడి అడాప్టర్ కొనొద్దు. లెక్క చూడండి: ఎనిమిది పిన్ల ప్లగ్‌లో 12 వోల్టుల పిన్లు నాలుగు. పిన్‌కి 7 ఆంపియర్లు చొప్పున వేసుకున్నా 336 వాట్లు. మామూలు ప్రాసెసర్ అంత తీసుకోదు. ఆ అదనపు నాలుగు ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని మామూలు కన్నా వేగంగా నడపడం) చేసేవాళ్ళ కోసం. వేరే కనెక్టర్ నుంచి మార్చి ఇచ్చే చవక అడాప్టర్ పెట్టి దాన్ని నింపడం కన్నా ఖాళీగా వదిలేయడమే నయం.

నిశిరాత్రి (#13)

అడాప్టర్ విషయంలో ఒప్పుకుంటాను. ఎస్‌ఎంపీఎస్‌తోనే వచ్చిన రెండో సీపీయూ కేబుల్ ఉంటే పెట్టమనే నా ఉద్దేశం.

రిపేర్‌బెంచ్ (#14)

కేబుళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇది పెద్ద అక్షరాల్లో చదువుకోండి. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్ళు విడిగా ఊడివచ్చే రకం) అయితే, దానితో వచ్చిన కేబుళ్ళే వాడాలి. బోర్డు వైపు, డ్రైవ్ వైపు ప్లగ్గులకి ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు చివరకి లేదు. ఒక్కో కంపెనీ ఒక్కో వరసలో పిన్లు పెడుతుంది, ఒకే కంపెనీలో రెండు మోడళ్ళకి కూడా తేడా ఉండొచ్చు. పాత ఎస్‌ఎంపీఎస్ తీసేసి కొత్తది పెట్టి, కేబుళ్ళు క్యాబినెట్ వెనక చక్కగా కట్టి ఉన్నాయి కదా అని అవే ఉంచేస్తారు. ప్లగ్ దిగుతుంది. ఆన్ చేయగానే 5 వోల్టులు వెళ్ళాల్సిన చోటికి 12 వెళ్తాయి, హార్డ్ డిస్కులు వరసగా పోతాయి. డిస్కులో ఉన్న ఫొటోల కోసం ఏడ్చినవాళ్ళని చూశాను. బోర్డు పోతే బోర్డు వస్తుంది, అవి రావు.

తొలిబిల్డ్ (#15)

మా ఎస్‌ఎంపీఎస్ కొత్తదే, కేబుళ్ళూ దానివే. సీపీయూ అని రాసినవి రెండున్నాయి, ఎనిమిది పిన్లూ నాలుగు పిన్లూ రెండూ పెట్టాను.

ఫ్యాన్లు మూడు, వాటిలో లైట్లు కూడా ఉన్నాయి. ఒక్కో ఫ్యాన్ నుంచి రెండేసి వైర్లు వస్తున్నాయి.

నిశిరాత్రి (#16)

ఇది నా సబ్జెక్టు. ఒక వైరు తిరగడానికి, ఇంకోటి లైటుకి.

ముందు తిరిగే వైరు. నాలుగు పిన్ల హెడర్‌లో వరసగా గ్రౌండ్, 12 వోల్టులు, వేగం చెప్పే లైను, వేగం మార్చే పీడబ్ల్యూఎం లైను. మూడు పిన్ల ఫ్యాన్ కూడా నాలుగు పిన్ల హెడర్‌లో దిగుతుంది, నాలుగో పిన్ ఊరికే ఉండిపోతుంది. అప్పుడు బయోస్‌లో (బోర్డు సెట్టింగుల తెరలో) ఆ హెడర్‌ని డీసీ మోడ్‌కి, అంటే వోల్టేజీతో వేగం మార్చే పద్ధతికి మార్చాలి, లేకపోతే ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో హోరెత్తిస్తుంది. ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్ మాత్రం సీపీయూ ఫ్యాన్ అని రాసిన హెడర్‌కే. అక్కడ వేగం సమాచారం రాకపోతే చాలా బోర్డులు ఫ్యాన్ ఎర్రర్ చూపించి ఆగిపోతాయి.

మామూలు ఫ్యాన్ హెడర్‌కి సాధారణంగా 1 ఆంపియర్ హద్దు. చిన్న ఫ్యాన్లు రెండు మూడు స్ప్లిటర్‌తో కలపొచ్చు, ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద ఆంపియర్లు ఉంటాయి, కూడి చూసుకోండి. అంతకు మించితే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కరెంటు తీసుకునే హబ్ వాడాలి.

ఇప్పుడు లైటు వైరు, దీని దగ్గర ఆగి రెండుసార్లు చూడండి. బోర్డు మీద లైటు హెడర్లు రెండు రకాలు. ఒకటి 5 వోల్టులది, నాలుగు పిన్ల చోటులో మూడే ఉంటాయి, ప్రతి ఎల్‌ఈడీని విడిగా నడిపించే ఏఆర్‌జీబీకి. రెండోది 12 వోల్టులది, నాలుగు పిన్లూ ఉంటాయి, స్ట్రిప్ అంతా ఒకే రంగులో వెలిగే పాత ఆర్‌జీబీకి. 5 వోల్టుల ఫ్యాన్‌ని 12 వోల్టుల హెడర్‌కి తగిలిస్తే లైట్లు ఒక్క క్షణంలో పోతాయి. సరైన ప్లగ్‌లో ఒక రంధ్రం మూసి ఉంటుంది కాబట్టి దిగదు. మూయకుండా వదిలేసే పొడిగింపు వైర్లు కూడా అమ్ముతారు, ప్రమాదం అక్కడే. హెడర్ పక్కన బోర్డు మీద 5వీ, 12వీ అని రాసి ఉందేమో చూడండి, లేకపోతే మాన్యువల్.

హోమ్‌సర్వర్ (#17)

ఎవరూ డ్రైవ్‌ల మాట ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. తొలిబిల్డ్, మీ ఎం.2 ఏ స్లాట్‌లో పెట్టారు? శాటా (వైరుతో బోర్డుకి కలిపే) హార్డ్ డిస్క్ కూడా పెడుతున్నారా?

తొలిబిల్డ్ (#18)

ఎం.2 కింది స్లాట్‌లో పెట్టాను, పైది కూలర్ కింద ఇరుకుగా అనిపించింది. పాత కంప్యూటర్ నుంచి తీసిన శాటా హార్డ్ డిస్క్ ఒకటుంది, శాటా 6 అన్న పోర్టుకి పెట్టాను.

హోమ్‌సర్వర్ (#19)

అనుకున్నాను. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్‌లో డ్రైవ్ పెడితే శాటా 5, 6 పోర్టులు పనిచేయవు. ఒకే కుళాయికి రెండు పైపులు తగిలించినట్టు, చిప్‌సెట్ (డ్రైవ్‌లని, పోర్టులని నడిపించే బోర్డు మీది చిప్) నుంచి వచ్చే ఒకే లైన్లని ఆ స్లాటూ ఆ పోర్టులూ పంచుకుంటాయి. ఎం.2 కి ఇచ్చేస్తే శాటాకి మిగలదు. మీ బోర్డులో ఎలాగో మాన్యువల్‌లో స్టోరేజ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. డిస్క్ చెడిపోయిందనుకుని పారేసేవాళ్ళు కూడా ఉన్నారు, అది చూస్తే మనసు ఉసూరుమంటుంది.

పైగా పై స్లాట్ సాధారణంగా నేరుగా ప్రాసెసర్‌కి కలిసి ఉంటుంది, వేగం అక్కడే బాగుంటుంది. కూలర్ తీయకుండా చేయి పడితే ఎస్‌ఎస్‌డీని పైకి మార్చండి. శాటాని 1కి పెట్టండి.

ఎం.2 గురించి ఇంకో మాట. ఆకారం ఎం.2 అయినంత మాత్రాన లోపల ఎన్‌వీఎంఈ (శాటా కన్నా వేగమైన పద్ధతి) అని కాదు, శాటా భాషలో మాట్లాడే ఎం.2 డ్రైవ్‌లు కూడా ఉన్నాయి. కొన్ని స్లాట్లు ఒకటే ఒప్పుకుంటాయి. 2280 అని రాసి ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. చివర స్క్రూ కింద ఉండే చిన్న ఇత్తడి దిమ్మ సరిగ్గా ఆ పొడవు దగ్గరే ఉండాలి. అది లేకుండా స్క్రూ బిగిస్తే డ్రైవ్ విల్లులా వంగుతుంది. వైఫై కార్డుకి ఉండే చిన్న ఎం.2 స్లాట్ వేరు, దాని కోత వేరే చోట ఉంటుంది.

తొలిబిల్డ్ (#20)

మాన్యువల్ చూశాను, నిజంగానే రాసి ఉంది! రెండో ఎం.2 వాడితే శాటా 5, 6 ఆగిపోతాయని. ఎస్‌ఎస్‌డీ పైకి మార్చాను, హార్డ్ డిస్క్ 1కి పెట్టాను. ఇప్పుడే ఆన్ చేస్తున్నాను.

పాతబోర్డులు (#21)

మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టండి, బోర్డుకి కాదు. బోర్డు మీది హెచ్‌డీఎంఐ పనిచేయాలంటే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి అది ఉండదు.

ర్యామ్ రెండు స్టిక్కులే, నాలుగు స్లాట్లు ఉన్నాయంటే, చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి.

తొలిబిల్డ్ (#22)

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలిగాయి, స్క్రీన్ నల్లగా ఉంది. కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉంది. ర్యామ్ కూడా 2, 4లోనే ఉంది. బోర్డు కుడి అంచున చిన్న లైటు ఒకటి వెలుగుతూ ఉంది, డీర్యామ్ అని రాసి ఉంది.

రిపేర్‌బెంచ్ (#23)

కంగారుపడకండి. అక్కడ చిన్న లైట్లు నాలుగు ఉంటాయి: సీపీయూ, డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్. బోర్డు ఎక్కడ ఆగిందో అవి చెప్తాయి. డీర్యామ్ దగ్గర ఉంది. కొత్త బోర్డు, కొత్త ర్యామ్ మొదటిసారి కలిసినప్పుడు బోర్డు ర్యామ్ వేగాలు సరిచూసుకుంటుంది, డీడీఆర్5 అయితే ఇది చాలా నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో ఆపకుండా వేచి చూడండి.

అయినా రాకపోతే కరెంటు తీసి, రెండు స్టిక్కులూ బయటికి తీసి మళ్ళీ పెట్టండి. ఒకవైపే క్లిప్ ఉండే స్లాట్లలో క్లిప్ లేని చివర సరిగ్గా దిగకపోవడం మామూలు, కంటికి దిగినట్టే కనిపిస్తుంది. ఆ చివరని బొటనవేలితో విడిగా నొక్కండి.

తొలిబిల్డ్ (#24)

వచ్చింది!! క్లిప్ లేని చివరే. విడిగా నొక్కితే ఇంకొంచెం దిగింది. స్క్రీన్ మీద బయోస్ కనిపిస్తోంది. ఎస్‌ఎస్‌డీ ఉంది, హార్డ్ డిస్క్ ఉంది, ర్యామ్ రెండూ కనిపిస్తున్నాయి. సీపీయూ ఫ్యాన్ వేగం కూడా చూపిస్తోంది. అందరికీ చేతులెత్తి దండం.

రెండు ప్రశ్నలు మిగిలాయి. బోర్డు మీద టీపీఎం (భద్రతా చిప్) అని ఒక హెడర్ ఖాళీగా ఉంది, విండోస్ 11కి దానికోసం ఏదైనా కొనాలా? వైర్‌లెస్ మౌస్ రిసీవర్ ముందు నీలం పోర్టులో పెడితే మౌస్ ఆగి ఆగి కదులుతోంది, అది బోర్డు తప్పా?

సర్క్యూట్‌పిచ్చి (#25)

మొదటిది: కొనక్కర్లేదు. విండోస్ 11 అడిగేది టీపీఎం 2.0. ఇప్పటి ప్రాసెసర్లతో అది ఫర్మ్‌వేర్‌లోనే (లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌లోనే) వస్తుంది. బయోస్‌లో ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. ఆ హెడర్ విడి మాడ్యూల్ కోసం, పైగా పిన్ల సంఖ్య బోర్డుని బట్టి మారుతుంది, ఒకదాని మాడ్యూల్ ఇంకోదానికి పట్టదు.

రెండోది: బోర్డు తప్పు కాదు. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు దాని సిగ్నల్ వల్ల వచ్చే రేడియో శబ్దం 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల కూడా పడుతుంది. మీ రిసీవర్ మాట్లాడేది ఆ బ్యాండ్‌లోనే. ఇంటెల్ దీనిమీద 2012లోనే ఒక పత్రం విడుదల చేసింది. పక్క పోర్టులో 3.0 డ్రైవ్ ఉన్నప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. రిసీవర్‌ని మీరు మొదట పెట్టిన ఆ నల్ల ప్లగ్ నుంచి వచ్చే 2.0 పోర్టుకి మార్చండి, లేదా చిన్న పొడిగింపు వైరుతో దూరంగా పెట్టండి.

తొలిబిల్డ్ (#26)

2.0 పోర్టుకి మార్చాను, మౌస్ సాఫీగా కదులుతోంది. పీటీటీ కూడా దొరికింది, ఆన్ చేశాను. ముందు నీలం పోర్టులో, వెనక పోర్టులో పెద్ద ఫైల్ కాపీ చేసి చూడటం మిగిలింది, విండోస్ ఎక్కాక చూసి ఇక్కడే రాస్తాను.